గ్యారేజీలో పట్టిన కారు

డెట్రాయిట్ పక్కనున్న హామ్‌ట్రామిక్‌లో మా వీధి మొత్తానికి పొడవైన కారు కజిమీర్‌దే. తోక గ్యారేజీలో పట్టక బయటికి పొడుచుకొచ్చేది. తలుపును తాడుతో కట్టేసి, "పెద్ద కారంటే అంతే మరి!" అని మీసం దువ్వేవాడు. ఆ సందులోంచి లోపలికొచ్చిన మంచు అంతా ఆయన భార్య గెనోవెఫా క్యాబేజీ ఊరవేసిన పీపా మీద పడేది. పారతో ఎత్తిపోసేది కూడా పాపం ఆవిడే.

ఆవిడకు ఉన్నది ఒక్కటే కోరిక. టొలీడోలో ఉన్న చెల్లెలింటికి తానే కారు నడుపుకుంటూ వెళ్ళాలి. లైసెన్సు కూడా తెచ్చుకుంది. అడిగిన ప్రతిసారీ కజిమీర్, "ఇంత పెద్ద ఓడ నడపడం నీవల్ల అవుతుందటే?" అని పకపకా నవ్వేవాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. మండదూ మరి!

1960 వచ్చేసరికి కార్ల కంపెనీలన్నీ చిన్న కార్లు చేయడం మొదలుపెట్టాయి. గెనోవెఫా చర్చి వంటశాలలో సంపాదించి దాచుకున్నదంతా తీసి, మొగుడికి మాటమాత్రమైనా చెప్పకుండా ఒక ఆకుపచ్చ కారు కొనుక్కొచ్చింది. గ్యారేజీలో పెట్టి తలుపు లాగింది. అబ్బ, మూసుకుంది!

డ్యూటీ దిగి వచ్చిన కజిమీర్ నోరెళ్ళబెట్టాడు.

"ఇదేంటే, అగ్గిపెట్టె కొన్నావా?"

"అవును, అగ్గిపెట్టే. నీ ఓడని వీధిలో కట్టేసుకో."

జనవరిలో ఒక రాత్రి కురిసిన మంచుకి ఓడ మునిగిపోయింది. పొద్దున ఎంత తిప్పినా ఇంజను పలకలేదు. ఆకుపచ్చది మాత్రం ఒక్క తిప్పుకే లేచింది. కజిమీర్ టోపీ నలుపుకుంటూ వచ్చాడు.

"కాస్త ఫ్యాక్టరీ దగ్గర దింపుతావా? ఒక వీధి ముందే ఆపు. గేటు దగ్గర మావాళ్ళు చూస్తే నా పరువు పోతుంది."

మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ ఆయన పాదం నేలని నొక్కుతూనే ఉంది.

"అక్కడ బ్రేకు లేదయ్యా, ఊరికే తొక్కకు!"

ఒక వీధి ముందు ఆపిందా? సరిగ్గా గేటు ముందే ఆపి, హారన్ కూడా కొట్టింది. జనం మూగారు.

"కజిమీర్, దీన్ని ఎక్కి వచ్చావా, తొడుక్కుని వచ్చావా?" అన్నాడు పక్కింటి బోలెక్.

గెనోవెఫా తల బయటపెట్టింది. "మీ ఓడలేవీ బాబూ?"

అందరూ తమ బూట్ల వైపు చూసుకున్నారు. మోకాళ్ళ దాకా మంచులో నడిచొచ్చిన బూట్లవి.

సాయంత్రం మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళి తాళంచెవి ఆయన ముందు చాపింది. కజిమీర్ తీసుకోలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి అవతల పక్క సీటు తలుపు తెరిచాడు.

"ఆదివారం టొలీడో వెళ్తున్నావటగా. నన్నూ తీసుకెళ్ళవూ?"

గెనోవెఫా వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది.

"వెనక సీట్లో కూర్చుంటే సరే. అక్కడైతే నీ కాలికి బ్రేకు వెతుక్కునే చోటుండదు."