ఏడుపుల అడుగున పెద్ద బాకా

మా వంటింటి గోడకు స్టీలు స్టాండు ఒకటి ఉంది. కడిగిన పళ్ళేలు అందులో వరసగా నిలబెడతాం. పెళ్ళై కల్వకుర్తి వచ్చిన కొత్తలో ఆ పళ్ళేలు వాటంతట అవే సన్నగా మోగేవి. ఎలుక తిరుగుతోందని చీపురు పట్టుకుని వెతికాను. తర్వాత తెలిసింది, ఇంటి వెనక చెలకలో ఎండిపోయిన బావి గట్టున కూర్చుని మా ఆయన పెద్ద బాకా ఊదుతున్నాడని. ఒక లోతు స్వరం దగ్గరికి వచ్చినప్పుడల్లా మా పళ్ళేలకు వణుకు పుట్టేది.

దాన్ని పుస్తకాల్లో ట్యూబా అంటారు. మా వైపు పెళ్ళి బ్యాండు వాళ్ళకు అది పెద్ద బాకానే. మూతి మా ఇంట్లో నీళ్ళు కాచే కాగంత ఉంటుంది. మోసేవాడు మేళంలో అందరికంటే వెనక నడుస్తాడు. ముందు ట్రంపెట్లు, క్లారినెట్లు, నడుమ డ్రమ్ములు, చివర ఇతను. పాటలు పాడేది ముందు వాళ్ళు. వెనక నుంచి ఇతను చేసేదంతా ఆ పాటల కింద నేల పరచడం. అందుకే ఇతను ఊదుతున్నంత సేపు ఎవరూ గమనించరు, ఆపితే మాత్రం ఏదో కుంగినట్టు అందరూ వెనక్కి చూస్తారు.

మిగతా రోజుల్లో మా ఆయనది మోటార్లు చుట్టే దుకాణం. బోర్లు కాలిపోయినప్పుడు దానికి గిరాకీ, ముహూర్తాలు ఉన్నప్పుడు బాకాకు గిరాకీ. నేను జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. డిగ్రీ చదివిన పిల్ల బ్యాండువాడిని ఎట్లా చేసుకుందని మా వాళ్ళు చాలాకాలం ఆశ్చర్యపోయారు. వాళ్ళెవరూ ఆ బావి పక్క ఇంట్లో కాపురం చేయలేదు.

కొన్నేళ్ళ కింద చక్కెర జబ్బు ఆయన పళ్ళ మీదికొచ్చింది. పై వరసలో ముందు పళ్ళు కదిలిపోతే మహబూబ్‌నగర్ తీసుకెళ్ళి తీయించి, కట్టుడు పళ్ళు పెట్టించాం. జొన్నరొట్టె నమలడానికి అవి బాగానే ఉన్నాయి. బాకాకు మాత్రం పనికిరావు. పెదవి బిగించి బాకా పీకకు ఆనిస్తే వెనక దన్నుగా సొంత పన్ను ఉండాలట. ఆయన ఓ వారం ప్రయత్నించాడు. సైకిల్ ట్యూబులో గాలి పోతున్నట్టు వచ్చింది చప్పుడు. తర్వాత బాకాను బట్టతో తుడిచి, బ్యాండు మాస్టరుకు అప్పజెప్పి వచ్చి, చేతులు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు.

నాకే పిచ్చి పట్టింది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, టీవీ ముందు కూర్చుని వార్తలను తిడుతున్నాడు, నాతో గొడవ పడుతున్నాడు. కానీ ఆయన చప్పుడు పోయింది. చచ్చిపోయిన వాళ్ళ కోసం బెంగపడితే లోకం ఓదారుస్తుంది. బతికున్న మనిషి ఊపిరి కోసం బెంగపడుతున్నానంటే ఏమని ఓదార్చాలో ఎవరికీ తెలియదు. ఆయన ఊదింది ఎక్కడో ఒకచోట మిగిలే ఉండాలి, దాన్ని ఒక్కసారి వినాలి. నాకు కావలసింది అంతే.

ముందు నా ఫోనులో వెతికాను. అప్పుడప్పుడు తీసిన చిన్న వీడియోలు ఉన్నాయి. పెట్టి చూస్తే డ్రమ్ములు వినపడ్డాయి, ట్రంపెట్లు గోల పెట్టాయి, బాకా ఉండాల్సిన చోట గుర్రు గుర్రుమని ఒక దగ్గు. ఆ ఫోనును తెచ్చి స్టాండు పక్కన పెట్టాను. పళ్ళేలు ఉలకలేదు, పలకలేదు. అరచేతిలో పట్టే పెట్టెలోంచి కాగంత మూతి చప్పుడు రమ్మంటే ఎట్లా వస్తుంది?

తర్వాత యూట్యూబులో పడ్డాను. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో పెద్ద పెద్ద హాళ్ళలో నల్లకోట్లు వేసుకుని ట్యూబా ఊదుతున్నారు. చెవులకు మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వరసగా విన్నాను. వాళ్ళను తక్కువ చేయను, నున్నగా గంధం తీసినట్టు ఉంది స్వరం. అయితే చాలా వాటిలో మనిషి ఊపిరి తీసుకున్న చప్పుడు లేదు. ఎక్కడికక్కడ తుడిచేశారు. అంత ఇత్తడిని నింపాలంటే ఛాతీ నిండా గాలి కావాలి కదా, ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చినట్టు? నన్నడిగితే రికార్డులో ట్యూబా బాగుండాలంటే మూడు కావాలి. చప్పుడు తగిలి తిరిగి రావడానికి ఒక గోడ. మరీ మూతి దగ్గర కాకుండా, కాస్త ఎడంగా మైకు. ఊదే మనిషి ఊపిరి. మొదటి రెండూ ఆ హాళ్ళలో ఉన్నాయి. మూడోది లేకపోతే ఎవరి బాకానో ఎట్లా తెలుస్తుంది? మా ఆయనైతే పెద్ద స్వరం ఎత్తుకునే ముందు నాలుకతో చిన్నగా టక్కుమనిపించి, బావిలోంచి చేద లాగినట్టు గాలి లాగుతాడు. నేను ఎంతమందిలోనైనా గుర్తు పడతాను.

ఇక పెళ్ళి వీడియోలే దిక్కనుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళకు ఊదాడు, అన్నింటికీ కెమెరాలు ఉన్నాయి కదా. బస్టాండు దగ్గర వీడియో దుకాణం నడిపే అతను ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. పౌరశాస్త్రంలో గట్టెక్కిందే గగనం, ఇప్పుడు మాత్రం మండలంలో అతను తీయని పెళ్ళి లేదు. వెళ్ళి అడిగితే కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, నాలుగైదు పెళ్ళిళ్ళు కంప్యూటర్లో పెట్టాడు. తెర మీద మా ఆయన ఎర్రకోటు వేసుకుని బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు. వినపడేది మాత్రం సినిమా పాట. ఎదుర్కోలుకు ఒక పాట, తలంబ్రాలకు ఒక పాట, భోజనాల దగ్గర ఇంకో పాట. అక్కడున్న మేళం మొత్తం మూగది.

నాకు తిక్క రేగింది. ఎవరిని అడిగి తీసేశావురా అన్నాను. అతను ఏమీ నొచ్చుకోలేదు. అసలు సౌండు ఎవరూ వినరని, అందులో జనరేటర్, గాలి, చెప్పులు పోయాయని అరిచేవాళ్ళు తప్ప ఏమీ ఉండదని, అందుకే అందరూ తీసేసి పాటలు వేస్తారని ఓపిగ్గా చెప్పాడు. రాష్ట్రం వచ్చాక డీజేలు మరీ ఎక్కువయ్యాయని, బరాత్‌లో అసలు సౌండు ఉంచినా డీజే దెబ్బకు బాకా దొరకదని కూడా చెప్పాడు. నేను ఊరుకోలేదు. పెళ్ళి జరిగింది ఒకటి, నువ్వు చూపించేది ఇంకొకటి, దీన్ని మోసం అంటారని వాదించాను. అతను తల గోక్కుని, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు.

"ఒక్క కాడ మాత్రం తీయం మేడం. అప్పగింతల కాడ. ఏడ్పు ఇనబడకుంటే పిల్ల తల్లి మా దుకాణం మీదికొస్తది."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. నిజమే. అప్పగింతలప్పుడు డీజే ఆపేస్తారు. డ్రమ్ములు ఆగిపోతాయి. క్లారినెట్ ఒకటి సన్నగా, దాని కింద పెద్ద బాకా, అంతే. మా ఆయన వాళ్ళ మాస్టరు పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. పిల్ల కారెక్కి తలుపు పడ్డాక పెద్ద బాకా ఒక లోతు స్వరం ఎత్తుకోవాలి, కారు కదిలేదాకా దాన్ని దించకూడదు. నడుమ తెగితే పిల్ల మనసు వెనక్కి లాగుతుందట. తెగకుండా పట్టడంలో మా ఆయన దిట్ట అని చుట్టుపక్కల పేరు. ఆయనకూ ఆ సంగతి కొంచెం ఎక్కువగానే తెలుసు.

అంటే నేను వెతకాల్సింది పెళ్ళిళ్ళను కాదు, ఏడుపులను.

ఆ రోజు నుంచి తెలిసిన వాళ్ళకల్లా ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. మీ బిడ్డ అప్పగింతల వీడియో ఉందా, పంపిస్తావా అని. ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఊహించండి. కొందరు మంచి మాటలు చెప్పి పెట్టేశారు. పంపిన వాళ్ళవి దుకాణంలో పెద్ద ఇయర్‌ఫోన్లతో విన్నాను. ఎంతమంది తల్లులు ఎన్ని రకాలుగా ఏడుస్తారో నాకిప్పుడు తెలుసు. ఒక దాంట్లో క్లారినెట్ ఉంది, బాకా లేదు. ఇంకో దాంట్లో బాకా ఎత్తుకునే సరికి ఎవరో మేనత్త మైకు దగ్గరికొచ్చి శోకం పెట్టింది. మరొకటి వేరే బ్యాండు.

రామన్నపేటలో మాకు దూరపు చుట్టం ఒకామె ఉంది. రాష్ట్రం వచ్చిన రెండేళ్ళకో మూడేళ్ళకో వాళ్ళ పెద్దబిడ్డ పెళ్ళికి మా ఆయన వాళ్ళే మేళం. మొహమాటపడకుండా అడిగేశాను.

"ఏందక్కా, మా పిల్ల ఏడ్చింది సూస్తె నీకేం సంబురం?" అంది ఆమె.

"నీ పిల్ల ఏడ్పు నాకెందుకే, దాని ఎనక మా ఆయన ఉన్నడు."

"మా పిల్ల ఏడ్వనే లేదు. నేనే ఏడ్చిన. అది నవ్వుకుంట పొయ్యింది," అని నిష్ఠూరంగా చెప్పి, సాయంత్రానికల్లా పంపించింది.

వాళ్ళది పాత ఇల్లు. రెండు పక్కలా రాతిగోడలున్న సన్నటి గల్లీ చివర ఉంటుంది. అందులోకి కారు రాదు, డీజే బండి అసలే రాదు. పిల్ల గల్లీ పొడుగునా నడిచి మలుపు దగ్గర కారెక్కాలి. మేళం ఆ మలుపులోనే నిలబడి ఉంది. కెమెరా అతను పిల్ల ముందు వెనక్కి నడుస్తూ వచ్చాడు. అందుకని బాకా ముందు ఎక్కడో దూరాన, గోడలకు తగిలి, రాయి లోపలి నుంచి వచ్చినట్టు మొదలైంది. అడుగడుగుకూ దగ్గరైంది. తల్లి ఏడుపు, గాజులు, ఎవరో చెంబు జారవిడిచిన చప్పుడు, వాటన్నింటి అడుగున అది. కారు తలుపు పడింది. లోతు స్వరం లేచింది. దుకాణంలో బెంచీ మీద కూర్చుని నేను ఇయర్‌ఫోన్లు చేతులతో అదుముకున్నాను.

కారు కదల్లేదు. డ్రైవరు తిప్పుతున్నాడు, ఇంజను దగ్గుతోంది, అంటుకోవడం లేదు. స్వరం సాగుతూనే ఉంది, సాగుతూనే ఉంది. అప్పుడు టక్కుమని చిన్న చప్పుడు, ఒక పెద్ద ఊపిరి, మళ్ళీ స్వరం. కారు అంటుకుంది.

ఇది చెవిలో వినే చప్పుడు కాదు, ఛాతీకి తగలాల్సింది. వీడియో దుకాణం అతనికి డీజే వాళ్ళు స్నేహితులు. మేళాలను ఊళ్ళోంచి తరిమిన ఆ నల్ల స్పీకరు డబ్బాల దగ్గరికే చివరికి నేను వెళ్ళాల్సి వచ్చింది. మధ్యాహ్నం పూట వాళ్ళ గోదాములో డబ్బాలు కలిపి పెట్టారు. మా ఆయనను మోటారు చూడాలని చెప్పి తీసుకెళ్ళాను. నిజం చెబితే వచ్చేవాడు కాదు.

వీడియో మొదలు కాగానే ఆయనకు విషయం తెలిసిపోయింది. నా వైపు గుర్రుగా చూశాడు, లేచి మాత్రం పోలేదు. డబ్బాల్లోంచి గల్లీ మొత్తం వచ్చింది. రేకుల పైకప్పు సన్నగా వణికింది. నాకు మా కొత్త కాపురం వంటిల్లు గుర్తొచ్చింది. ఎంతో కాలానికి ఆ స్వరం నా పక్కటెముకల కింద చెయ్యి వేసినట్టు తగిలింది. ఊపిరి తీసుకున్న చోటు వచ్చి, దాటి, కారు వెళ్ళిపోయింది.

"నేను కాదది," అన్నాడు.

"మరెవరు?"

"ఎవడో. నేను నడుమ తెంపను. ఊరందరికి ఎరుక."

"ఆ దినం కారు అంటుకోలే. ఇంట్లకొచ్చి ఆ డ్రైవర్ని నువ్వు తిట్టింది నాకు యాదికున్నది."

"డ్రైవర్ని తిట్టిన. తెంపిన అని జెప్పిన్నా?"

చెప్పలేదు. అదీ నిజమే. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఆయన కడుపులోనే పెట్టుకున్నాడు. నాకేమో వెతికి వెతికి తెచ్చుకున్నదాన్ని ఆయన కాదనడం భరించరానిదైంది. తెగితే ఏమైంది, ఆ పిల్ల నవ్వుతూ పోయింది, ఇద్దరు పిల్లలతో చల్లగా ఉంది అన్నాను. తెగకుండా ఊదితే నీ ఊపిరి వినపడేదే కాదు, ఇక్కడ తెగింది కాబట్టే నువ్వు దొరికావు అన్నాను. డీజే అతను మా ఇద్దరి మధ్య ఎటు చూడాలో తెలియక వైర్లు సర్దుకుంటున్నాడు. ఆయన మొండిగా తల అడ్డంగా ఊపాడు. పెదవులు కట్టుడు పళ్ళ మీద గట్టిగా మూసుకున్నాడు.

మళ్ళీ పెట్టమని డీజే అతనికి సైగ చేశాను.

ఈసారి నేను డబ్బాల వైపు చూడలేదు, ఆయన వైపు చూశాను. గల్లీ నడిచింది. తల్లి ఏడ్చింది. తలుపు పడింది. స్వరం లేచినప్పుడు ఆయన ఎడమ చెయ్యి, బరువు ఆనించుకోవడానికన్నట్టు, దానంతట అది భుజం దగ్గరికి పోయింది. ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. స్వరం పొడుగవుతున్న కొద్దీ ఆయన ముఖం ఎర్రబడింది. గోదాములో ఎవరూ ఆయనను ఊదమనలేదు, అయినా ఆయన ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఇక పట్టలేనన్న చోట నాలుక టక్కుమంది. ఛాతీ నిండా గాలి లాగాడు. డబ్బాల్లో మనిషి, కుర్చీలో మనిషి, ఇద్దరూ ఒక్కసారే.



కారు వెళ్ళిపోయాక ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు, వెనకటి రోజుల్లో బాకా దించాక తుడుచుకున్నట్టే. తర్వాత డీజే అతని వైపు తిరిగాడు.

"తమ్మీ, జర ఇంకింత పెంచి పెట్టు," అన్నాడు. "కింది సౌండు సరింగ వస్తలేదు."