పదివేల ఏడు గజాల తోట

మా ముత్తాత బోధన్ తాలూకాలో దేశ్‌ముఖ్. మా తాత కచేరీకి వెళ్తే తహసీల్దారు లేచి కుర్చీ వేయించేవాడు. రుద్రూర్ వైపు చెరుకు భూములు తాత ఉండగానే పోయాయి. పందొమ్మిది వందల అరవైల్లో ఆయన కన్నుమూసే నాటికి మాకు మిగిలింది నిజామాబాద్ అంచున ఒక మామిడితోట. సర్వేయర్ కొలిచి పదివేల ఏడు గజాలన్నాడు.

పెద్దబాపు, ఇద్దరు చిన్నబాపులు, చనిపోయిన మా బాపు వంతుకు నేను. నలుగురం. ఐదో మనిషి మా మేనత్త. భర్త పోయాక నవీపేట్ నుంచి పుట్టింటికి వచ్చేసింది. కొత్త చట్టం ప్రకారం ఆమెకూ వంతు ఉంది. పెద్దబాపు చట్టం ఊసెత్తలేదు, లెక్క ఎత్తాడు.

"ఐదుకు సమానంగ పోదు, చివర ఏడున్నది. నాలుగు చేద్దాం."

మా ఇంట్లో రెండు పట్టింపులుండేవి. అన్నదమ్ముల్లో ఎవరూ గజం తక్కువ తీసుకోరు. గజాన్ని ముక్కలు చేయడం బట్టల దుకాణం పని, మన పని కాదు. ఇవి నాకూ తప్పనిపించలేదు, ఇప్పటికీ అనిపించవు.

ఇంట్లో లెక్కలు పెద్దగా చదివింది నేనే.

"నాలుగుకూ పోదు పెద్దబాపూ. మూడు గజాలు మిగులుతయి. ఐదుకైతే మిగిలేది రెండే."

తలుపు వెనక నుంచి అత్త అంది: "అంటే నేనుంటెనే తోట జర సక్కగ తెగుతదన్నట్టు గదా, అన్నా!"

చిన్నబాపులు నవ్వారు. పెద్దబాపు నవ్వలేదు. "గట్లయితే మన ఇండ్లల్ల మగపిల్లలు ఏడుగురు, గా లెక్కన ఏడు చెయ్."

"ఏడుకు నాలుగు మిగులుతయి."

ఇక వాదన తెగేలా లేదని కూర్చుని, వేరే దేనికీ లొంగని సంఖ్యలతో వరుసగా భాగించాను: మూడు, పదకొండు, పదమూడు, అలా తొంభై ఏడు దాకా. అంతకు మించి అక్కర్లేదు. నూటొకటిని నూటొకటితో గుణిస్తేనే మా తోట దాటిపోతుంది. దేనికీ పోలేదు.

"మా ఉర్దూ బడిల దీన్ని ముఫ్రద్ అనేటోళ్లు, ఒంటరిదని. ఇప్పుడు తెలుగు పుస్తకాలల్ల ప్రధాన సంఖ్య అంటున్నరు."

"ప్రధానమా?" పెద్దబాపు నిటారుగా కూర్చున్నాడు. "మరి మన తోటంటే ఏమనుకున్నవ్!"

"దీన్ని ఒక్కరే తీసుకోవాలె, లేకుంటే పదివేల ఏడుగురు తీసుకోవాలె. నడుమ దారి లేదు."

"అంతమందిని ఏడికెల్లి తెస్తవ్ బిడ్డా," అంది అత్త. "అమ్ముండ్రి. నా వంతు నాకియ్యుండ్రి."

నేను అత్త పక్షం వహించానని చెప్పను. అడిగారు, లెక్క చెప్పాను. మొత్తం కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు.   చివరికి పెద్దబాపే అమ్మకం కాగితంలో ఐదు సంతకాలకు చోటు పెట్టించాడు. అందరికంటే ముందు అత్త సంతకం చేసింది.

తోటను బోధన్ బెల్లం వ్యాపారి ఒకడు కొన్నాడు. మామిడి చెట్లను విడిగా కట్టె అడితికి అమ్మాము.