మెచ్చుకోలు

పందొమ్మిది వందల యాభైలలో ఒక సాయంత్రం మద్రాసులో, చూలై బస్‌స్టాపులో పక్కన నిలబడ్డ పెద్దావిడ తనే నాతో మాట కలిపింది.

"సౌకార్‌పేటలో మూడంతస్తుల మిద్దె లేస్తుండాదే, ఆడే నాయనా మావోడికి పని. గోడకి కట్టిన సారువ కొయ్యలు ఎక్కేటప్పుడు అందరూ నడుముకి తాడు కట్టుకుంటారు, వాడు కట్టుకోడు. 'నువ్వేరా మొగోడివి' అని సూపర్‌వైజరు అందరి ముందర మెచ్చుకున్నాడంట!"

ఆ సూపర్‌వైజర్ని నేనే. పని తొందరగా సాగాలని అన్న మాట అది. ఆమె ముఖంలోని సంతోషం చూసి ఆ సంగతి చెప్పలేకపోయాను.

మర్నాడు అందరూ వింటుండగా, తాడు కట్టుకున్న ముసలి తాపీమేస్త్రీని మెచ్చుకున్నాను. ఆమె కొడుకు ముఖం చిన్నబుచ్చుకుని, తాడు అందుకుని బిగించుకున్నాడు.

ఇంటికెళ్ళి తల్లికి చెప్పుకోవడానికి ఆ రోజు వాడికి నేనేమీ మిగల్చలేదు.