నేను కట్టిన గదే నా భార్యకు పడలేదు

కొత్త గదిలో పడుకున్న నాలుగో రోజు పొద్దున నా భార్య సుజాత కళ్లు ఎర్రగా చేసుకుని లేచింది. "కండ్లు మండుతా ఉండాయి. గొంతులో ఏమో గీరినట్లుండాది" అంది. ఎండాకాలం కదా, వేడి చేసిందనుకున్నాం. మజ్జిగ తాగి ఊరుకుంది.

మాది కేజీఎఫ్‌లో కోరమండల్. నేను వడ్రంగిని. మా నాయన బంగారు గని మూసేదాకా అందులో పనిచేసిన మనిషి. గనివాళ్లు ఆయనకిచ్చిన పాత లైను ఇంటికి, అంటే వరుస క్వార్టర్లలో ఒకదానికి, వెనకవైపు ఒక గది కలిపి, గోడ పొడవునా బీరువా, మంచం అన్నీ నేనే చేశాను. చీరలు మడిచి పెట్టుకోవడానికి సొంత బీరువా కావాలని సుజాత పెళ్లయినప్పటి నుంచి అడుగుతోంది. ఆ ఏడాది నా ఆదివారాలన్నీ దానికే పోయాయి.

ఆషాఢం గాలులకు దగ్గు మొదలైంది. మా వీధికి ఎదురుగా సైనైడ్ దిబ్బ ఉంది. సైనైడ్ వాడి బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన గుట్ట అది. గాలి లేస్తే ఆ దుమ్మంతా ఇళ్లలోకే. "దిబ్బ దుమ్మే, ఇంగేముండాది. కిటికీలు గట్టిగా మూసేయండి" అన్నాడు నాయన. నేను కిటికీ సందులకు రబ్బరు కూడా బిగించాను. దగ్గు ఇంకా ఎక్కువైంది.

దగ్గరి డాక్టర్ డస్ట్ అలర్జీ అని మాత్రలిచ్చారు. వాటికి మత్తు వచ్చేది కానీ దగ్గు తగ్గలేదు. ఒక పొద్దున సుజాత బిందె దించి గడప మీద కూలబడింది. రెండు మాటలు కలిపి పలకలేకపోయింది. ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టి, కోలారులో చెస్ట్ డాక్టర్‌కు చూపించమన్నారు. ఎక్స్‌రే క్లియర్. స్పైరోమెట్రీ అని గొట్టంలోకి ఊదించారు. మూడోసారి ఊదలేక సుజాత ఏడ్చేసింది. "ఆస్తమా. ఇన్‌హేలర్ వాడితే అదుపులో ఉంటుంది, భయపడకమ్మా" అన్నారు ఆ డాక్టరమ్మ. నెల రోజులు బాగుంది. తర్వాత మళ్లీ పిల్లికూతలు.

రాగి కోతలకు సుగటూరులో వాళ్ల అక్క ఇంటికి పోయి పన్నెండు రోజులు ఉంది. రాగులు తూర్పారబట్టే దుమ్ములో నిలబడినా దగ్గు రాలేదట. ఇంటికొచ్చిన రెండో రోజే తిరగబెట్టింది. "ఆడ బాగున్నాను" అని తను అంటే నాకు ఒళ్లు మండింది. "అక్క ఇంట్లో బాగుంటాది, నా ఇంట్లోనే నీకు రోగమా?" అన్నాను.

అయినా మళ్లీ కోలారు పోయినప్పుడు సుజాత డాక్టరమ్మకు ఆ సంగతి చెప్పింది. ఆమె రాయడం ఆపి, "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని అడిగారు.

"లేదు మేడమ్. మా మామ గనిలో చేసినాయన, ఆయనకే లేదు. ముందు గదిలో పడుకుంటాడు."

"మీ గదిలో ఈ మధ్య కొత్తగా ఏం చేయించారు?"

సుజాత తల దించుకుంది. నేనే చెప్పాను. "ఎండీఎఫ్ బోర్డులతో బీరువా, మంచం చేసినాను మేడమ్."

చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే బోర్డులవి. ఆ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు రావచ్చన్నారు డాక్టరమ్మ. "అదే కారణమని ఇప్పుడే అనను. గాలి టెస్ట్ చేయించండి. అంతదాకా వేరే గదిలో పడుకోమ్మా. ఇన్‌హేలర్ మాత్రం మానొద్దు."

కొత్త బోర్డుల ఘాటు వాసనకు నా కళ్లూ మండేవి. పనిచేసేచోట రోజూ ఉండేదే కదా అని పట్టించుకోలేదు.

నేను అలమరలు చేసిన ఒక కాలేజీలో కెమిస్ట్రీ సారు ఉన్నారు. ఆయనను అడిగితే వచ్చి, గాలిలోని వాయువును పట్టే చిన్న బిళ్లలు మూడు తగిలించారు. ఒకటి మూసిన మా గదిలో, ఒకటి నాయన గదిలో, ఒకటి బయట చూరు కింద. ఒక రోజు ఉంచి బెంగళూరు ల్యాబ్‌కు పంపారు. బయట దాదాపు ఏమీ లేదు. నాయన గదిలో కొంచెం. మా గదిలో ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ.

"పెయింటేమో సార్" అన్నాను. నా చేతిపని అని ఒప్పుకోబుద్ధి కాలేదు.

"అదీ చూస్తామప్పా" అని, మిగిలిన బోర్డు ముక్క ఒక గాజు జాడీలో, పెయింటు వేసిన పెచ్చు ఇంకోదాంట్లో పెట్టి మూత బిగించారు. మర్నాడు రెండిట్లోని గాలిని పరీక్షిస్తే బోర్డు జాడీలోనే ఆ వాయువు దండిగా ఉంది. నేను ముందువైపు మైకా షీటు అంటించి, గోడవైపూ అంచులూ ఏమీ అంటించకుండా పచ్చిగా వదిలేశాను. వాయువు ఎక్కువగా వచ్చేది అక్కడినుంచేనని చెప్పారు. కిటికీలు మూసేసరికి అది పోయే దారి లేదు.

బీరువా విప్పుతుంటే సుజాత వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీండి. కిటికీ తెరిచి పెట్టుకుంటాం. ఎంత కష్టపడి చేసినారు."

"నీకంటే ఎక్కువా ఇది?" అన్నాను. అక్క ఇంటి గురించి అన్న మాటకు క్షమించమని కూడా అప్పుడే అడిగాను. తను స్క్రూలు ఏరి డబ్బాలో వేసింది.

ఇది జరిగి ఏడాదైంది. ఇప్పుడు ఆ గదిలో ఇనుప బీరువా, నవారు మంచం ఉన్నాయి. సుజాతకు దగ్గు బాగా తగ్గడంతో ఇన్‌హేలర్ మోతాదు డాక్టరమ్మే తగ్గించారు. చలికాలంలో ఒకటి రెండు సార్లు ఆయాసం వచ్చింది. పూర్తిగా పోయిందని చెప్పను. నేను కూడా స్పైరోమెట్రీ చేయించుకున్నాను. నార్మల్ అన్నారు. ఇప్పుడు వాయువు తక్కువ వదిలే రకమని ముద్ర ఉన్న బోర్డులే తెస్తున్నాను. అంచులు మూయకుండా ఏ ఇంట్లోనూ బిగించడం లేదు.

దగ్గు, ఆయాసం తగ్గనివాళ్లు ఒక పని చేయండి. ఏ గదిలో ఉంటే ఎక్కువవుతోంది, ఏ ఊరికి పోతే తగ్గుతోంది, రెండు వారాలు రాసి ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి. మీ ఇంట్లో మనిషి "అక్కడ బాగున్నాను" అంటే, నాలాగా కోపం తెచ్చుకోకుండా అది కూడా అందులో రాయండి.