పాస్టరుగారి బైబిల్లో పెన్సిలు గుర్తు

నేను డిగ్రీ చదివే రోజుల్లో మలికిపురంలోని మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. పాస్టరుగారు వాక్యం చెప్పడం అయ్యాక ఉండబట్టలేక అడిగాను.

"యేసుని పట్టించిన యూదా ఉరేసుకున్నాడని ఒకచోట, పడి పొట్ట పగిలి చచ్చిపోయాడని ఇంకోచోట ఉందండీ. రాసింది మనుషులే కదండీ, ఎవరు విన్నది వాళ్లు రాసేరేమో."

పాస్టరుగారు చప్పున బైబిలు మూసేశారు. "ఇదంతా నీకెవరు నేర్పేరమ్మా?"

అమ్మ నా ఫోను లాక్కుంది. పాస్టరుగారు ప్రార్థన చేసి కొబ్బరినూనె నా నడినెత్తిన పోస్తే, అందరూ చుట్టూ చేరి సందేహపు దయ్యాన్ని పొమ్మని కేకలు పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ హడావుడిలో ఆయన బైబిలు మరిచిపోయారు. ఇవ్వడానికి వెళ్తూ, యూదా పొట్ట పగిలిన చోటు వెతికి తెరిచాను. సరిగ్గా ఆ వచనం పక్కనే, మాసిపోయిన పెన్సిలు ప్రశ్నార్థకం!

"తెరిచేవా?" అన్నారాయన, బైబిలు లాక్కుంటూ.

"లేదండీ."

ఆయన నమ్మలేదు. ఆ నూనె ఎవరి నెత్తిన పోయాల్సిందోనని నాకిప్పటికీ అనుమానమే.

— పేరు వేయకండి, మా అమ్మ ఈ పత్రిక చదువుతుంది.