రుద్దడం మానుకున్న చేతులు

మా పాప ఒళ్ళు నున్నబడింది, ఇక గుండు కొట్టించవచ్చని డాక్టరమ్మ నోరారా చెప్పేసింది! తిరుత్తణి కొండకు మేము మొక్కుకున్న పుట్టువెంట్రుకలు ఇన్నాళ్ళకు దిగబోతున్నాయి. ఈ కబురు అందరికంటే ముందు వినాల్సిన మా అక్క పోయిన వారమే, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నది, మళ్ళీ లేవలేదు. సంతోషమూ దుఃఖమూ ఒకేసారి వచ్చిపడితే ఎవరితో చెప్పుకోవాలో తెలియక మీతో చెప్పుకుంటున్నాను.

తల నెరిశాక పుట్టిన బిడ్డ నాకు. తిరువళ్ళూరులో మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళంతా "మనవరాలా?" అనే అడుగుతారు. అంత అపురూపమైన బిడ్డకు బుగ్గల మీద, మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక ఎర్రగా పొక్కి, రసి కారేది. గోకి గోకి నెత్తురు వచ్చేది. చూసినవాళ్ళు అమ్మవారు పోసిందన్నారు. మేమూ గుమ్మానికి వేపమండలు కట్టి, బిడ్డకు నీళ్ళు పోయడం మానేశాము. చర్మం ఎండిపోయి ఇంకా పగిలింది.

తిరుత్తణి నుంచి అక్క రైలెక్కి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మవారైతే ఇన్ని దినాలు ఉంటాదా? ఆయమ్మకి పోయేదానికి వేరే ఊరే లేదా?" అని మండలు పీకేసి, చేతి సంచి కూడా దించకుండా మమ్మల్ని డాక్టరు దగ్గరికి బయలుదేరదీసింది.

అక్కడ కూడా అదే ప్రశ్న, మనవరాలా అని. "బిడ్డే తల్లీ! మా తమ్ముడు అన్నిట్లోనూ లేటు, రైలు కూడా వాడు ఎక్కేది కదిలినాకే," అంది అక్క. డాక్టరమ్మ బాగా నవ్వింది. ఆ తర్వాత ఆమె చెప్పిన మాటలకు మాత్రం అక్క నవ్వు ఆగిపోయింది.

ఎందుకో చెప్పాలి. మా వాళ్ళలో పుట్టిన బిడ్డలందరికీ నీళ్ళు పోసింది అక్కే. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, సున్నిపిండితో ఒళ్ళంతా రుద్ది, సాంబ్రాణి పొగ వేసేది. ఆ చేతులకు బంధువుల్లో పెద్ద పేరు. డాక్టరమ్మ సరిగ్గా ఆ చేతులనే ఆపమంది.

"ఇది ఎగ్జిమా. పిండి వద్దు, పసుపు వద్దు, వాసన సబ్బు వద్దు, పొగ అసలే వద్దు. గోరువెచ్చని నీళ్ళు త్వరగా పోసి, మెత్తటి గుడ్డతో అద్దండి. తడి ఆరకముందే క్రీము పూయండి. ఎర్రగా ఉన్నచోట ఈ ఆయింట్‌మెంటు, నేను చెప్పినన్నాళ్ళు. రుద్దకూడదు పాట్టీ," అంది అక్కతో, అరవంలో అవ్వను పిలిచినట్టు.

"నేను రుద్దిన బిడ్డలు ఈ పొద్దు లారీలు తోలతా ఉండారు తల్లీ. ఒక్కరికీ తోలు ఊడలా."

"వాళ్ళ చర్మం వేరు పాట్టీ, ఈ పాప చర్మం వేరు."

మరునాడు పొద్దున అక్క సున్నిపిండి డబ్బా ఎత్తుకుపోయి పక్కింటామెకు ఇచ్చేసి వచ్చింది. "ఇంట్లో ఉంటే నా చెయ్యి దానికాడికే పోతాదిరా," అంది. ఆ తర్వాత కాళ్ళు చాపి, పాపను పడుకోబెట్టుకుని, గాజుసామాను తుడిచినట్టు అద్దింది. ఆ వయసులో అన్నేళ్ళ అలవాటు మార్చుకోవడం ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను.

మా ఇంట్లోనే ఉండిపోయి కాపలా కాసింది. పళ్ళిపట్టు మామ వేపాకు ముద్ద తెస్తే, "ముందు నీ బట్టతలకి పూసుకో మామా, ఎంట్రుకలు మొలిస్తే అప్పుడు బిడ్డకి చూస్తాం," అని వాకిట్లోనుంచే తిప్పి పంపింది. తన పాత నూలు చీరలు కత్తిరించి పాపకు గౌన్లు కుట్టింది, కుట్లు ఒళ్ళు గీరకుండా బయటికి పెట్టి. ఎండాకాలంలో దద్దుర్లు మళ్ళీ లేచాయి. నా భార్య ఏడుస్తుంటే, "ఏడ్చింది చాలు, సుమ్మా ఉండుమే. రావడం దాని పని, పూసేది మన పని. యాడ ఎర్రగా ఉందో చూపించు," అంది.

అట్లా పట్టు వదలకుండా చేసి, పాప ఒళ్ళు కుదురుకున్నాకే తన ఊరికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు గుండు సంగతి కూడా తేల్చేసింది. "పట్టు లంగా వద్దు. తల మీద చందనం వద్దు, డాక్టరమ్మని అడిగేసినా. సామి ఏమీ అనుకోడు. మనుషులు అంటే నాతో చెప్పు."

ఇది మళ్ళీ రావచ్చు, క్రీము మానొద్దు అని డాక్టరమ్మ నిన్న కూడా చెప్పింది. రానీ. పూస్తాము. నిన్న సాయంత్రం అక్క ఫోటో అద్దం తుడుస్తుంటే పాప వచ్చి నా చేతిలో గుడ్డ లాక్కుంది. "రుద్దగూడదు నాయనా, అద్దల్ల," అని తనే అద్ది చూపించింది.

ఇక కబురు చెప్పాల్సిన వాళ్ళు. పళ్ళిపట్టు మామకు, వేపాకు లేకుండా రమ్మని. పొన్నేరి చిన్నక్కకు, పట్టు లంగా కొనవద్దని. తామరైపాక్కం బావమరిదికి, గుండు మేనమామ ఒళ్ళోనే గనుక ఆ రోజు సెంటు కొట్టుకోకుండా నూలు చొక్కా వేసుకోమని. తిరుత్తణిలో అక్క కొడుక్కు, అమ్మ చీరలు ఎవరికీ ఇచ్చేయవద్దని. ఉతికి ఉతికి మెత్తబడినవి పెట్టెలో అడుగున ఉంటాయి. పాప ఇంకా పెరుగుతుంది.