మూడో బ్లాకులో రెండు చేతులు

కూరగాయల పరిశోధన క్షేత్రంలో అతన్ని అందరూ కత్తెర అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా దానికి పని పడలేదు. చిన్న కత్తెరతో కీరా కాయను తొడిమ దగ్గర కత్తిరించి పెట్టెలో పడుకోబెట్టడం ఇరవయ్యారేళ్ళుగా అతని పని. కాయను ఎవరైనా విసిరితే ఆ పూటంతా దెప్పుతూనే ఉంటాడు. పనిమంతుడే కానీ నోరు మంచిది కాదని తోటివాళ్ళు అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ ఏడాది ఆరు రకాల కీరాకు పోటీ పెట్టారు. పొలాన్ని నాలుగు బ్లాకులు చేసి, ప్రతి బ్లాకులో ఆరు మడులు, మడికో రకం వేశారు. రోజు విడిచి రోజు కోత, మొత్తం ఇరవై కోతలు. ఇలాంటి పంటను ఒక్కసారి కోసి చేతులు దులుపుకోవడం కుదరదు. ఇవాళ ఆకు చాటున వదిలేసిన కాయ ఎల్లుండికి ముదిరిపోయి, తీగ సత్తువంతా లాగేసి, వెనక పిందెల నోరు కొడుతుంది. ఒక కోతలో చేసిన పొరపాటు తర్వాతి నాలుగు కోతల్లో బయటపడుతుంది. అందుకే ప్రయోగం నడిపే మేడమ్ మొదటి రోజే అందరినీ నిలబెట్టి చెప్పింది.

"ఒక బ్లాకుని మొదటి కోత నుంచి చివరిదాకా ఒక్కరే కొయ్యాలి. ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు."

కత్తెరకు ఇది కొత్త సంగతి కాదు. ఆమె ఉద్యోగంలో చేరక ముందు నుంచీ కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ మాట నూరిపోస్తున్నది అతనే. మూడో బ్లాకు అతనిది. పక్కనున్న నాలుగోది అతని వదినది. అన్న పోయాక ఆమెను ఈ పనిలో పెట్టించిందీ అతనే.

ఏడో కోత నాటికి అతని కళ్ళకు ఆకూ కాయా ఒకటైపోయాయి. కంటి వెనక నరం ఎండిపోతోందని, పోయిన చూపు ఇక రాదని, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కలు వేసుకోమని డాక్టరు చెప్పాడు. ఆ చీటీని మడిచి చొక్కాల కింద దాచేశాడు. చూపు సరిగా లేనివాణ్ణి కోతకు పెట్టరు. గేటు దగ్గర కుర్చీ వేస్తారు, లేదంటే ఇంటికి పంపేస్తారు. తీగల మధ్య వంగి నడవని రోజు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

పసిగట్టింది వదినే.

"మరిదీ, ఈ తీగ కింద మూడు కాయలు వదిలేశావు."

"చూశాను. లేతవి, ఎల్లుండి కోస్తా."

"లేతవా? నా మోచెయ్యంత ఉన్నాయి."

అతను పక్క తీగ మీదికి వంగాడు. ఆమె రెట్టించి అడగలేదు. తర్వాతి కోత నుంచి తన బ్లాకు పని ముగించుకుని, అందరూ టీకి వెళ్ళినప్పుడు మూడో బ్లాకులో తనకు దగ్గరగా ఉన్న చివరి మూడు మడుల్లో అతను వదిలేసిన కాయలను ఆమే కోసి అతని పెట్టెల్లో వేసేది. మిగతా మూడింటికి టైము సరిపోయేది కాదు. నియమం తప్పుతున్నామని కత్తెరకు తెలుసు. కాయ తీగ మీదే ముదిరిపోవడం కన్నా అది నయమని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

పదిహేడో కోత అయ్యాక మేడమ్ ఇద్దరినీ తూకాల షెడ్డులోకి పిలిచింది. ఆమె ముఖంలో కోపం లేదు, అలసట ఉంది.

"మిగతా మూడు బ్లాకుల్లో అన్నిటికన్నా తక్కువ కాసిన రకం, మూడో బ్లాకులో అన్నిటికన్నా ఎక్కువ కాసింది. ఎనిమిదో కోత నుంచి ఇదే వరస." వదిన వైపు తిరిగింది. "టీ టైములో మీరు ఆ బ్లాకు పెట్టెల్లో కాయలు వేయడం కాపలా మనిషి చూశాడట. మీ బ్లాకులోవి తెచ్చి కలిపారా? నిజం చెప్పండి, రేపు పై ఆఫీసుకి రాసి పంపాలి."

వదిన నేల చూపులు చూస్తూ నిలబడింది. దొంగ అనిపించుకోవడానికైనా సిద్ధపడింది కానీ మరిది గుట్టు విప్పలేదు. కత్తెరకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఆవిడ తప్పేం లేదు మేడమ్. నాకు కళ్ళు కనబడట్లేదు. నేను వదిలేసినవి ఆవిడ కోసింది. చివరి మూడు మళ్ళలోనే."

మేడమ్ కాగితాలు తిరగేసి ఆ మూడు మళ్ళ అంకెలు మళ్ళీ చూసింది.

"మీరొక్కరే కోసి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదండీ," అంది చివరికి. "ఆరు రకాల్లోనూ ఇంచుమించు ఒకేలా వదిలేసేవారు. అన్నీ తగ్గేవి, కానీ ఏది మెరుగో తేలేది. ఆవిడ సాయం మూడు రకాలకే అందింది. ఈ బ్లాకు కొట్టెయ్యాలి. మిగిలిన మూడు బ్లాకులే సరిపోవు, ఏదీ తేలదు. ఏడాది పోయినట్టే."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాను చేసిన మేలే కొంప ముంచిందని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఇంకో మూడు కోతలున్నాయి," అంది మేడమ్. "మీరు ఒక్కరే కొయ్యండి. వెనక ఆవిడ వచ్చి, మిగిలినవి వేరే పెట్టెలో వేస్తుంది. ఎంత వదిలేస్తున్నారో రాసుకుంటాను. వచ్చే ఏడు ప్రయోగానికైనా పనికొస్తుంది. ఇష్టం లేకపోతే వద్దు."

"కోస్తా," అన్నాడు కత్తెర.

పద్దెనిమిదో కోతలో నడిచినంత నెమ్మదిగా అతను ఏనాడూ నడవలేదు. ప్రతి ఆకూ ఎత్తాడు, ప్రతి తీగా వేళ్ళతో తడిమాడు. ఆరో మడి చివరికొచ్చేసరికి వీపు తడిసి ముద్దయింది. ఈసారి ఒక్కటి కూడా వదల్లేదని నిజంగానే అనుకున్నాడు. వెనక వదిన చేతిలోని కత్తెర చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

షెడ్డులో ఆమె తన పెట్టెను త్రాసు మీద పెట్టింది. మేడమ్ కలం పట్టుకుని దూరంగా కూర్చుంది. త్రాసు మీద అంకెలు కత్తెరకు మసకగా తప్ప కనబడలేదు.

"రెండున్నర కిలోలు," అంది వదిన.

కత్తెర ముందుకొచ్చి ఆ పెట్టెను రెండు చేతులతో పైకెత్తాడు. అలాగే పట్టుకుని బరువు చూశాడు.

"అంత తక్కువేం కాదు వదినా," అన్నాడు. "ఆరు కిలోల పైనే ఉంటాయి. సరిగ్గా చూసి చెప్పు, మేడమ్ రాసుకుంటారు."